తలుపు లేని కంప్యూటర్

కంప్యూటర్ కొనాలనుకునేవాళ్లు ఇప్పటికీ వచ్చి నన్ను అడుగుతుంటారు, కంపెనీది తీసుకోవాలా, అసెంబుల్డ్ చేయించుకోవాలా అని. నిజామాబాద్‌లో మా ఇంటి ముందు గదిలోనే నాకొక డీటీపీ షాపు ఉంది. పెళ్లికార్డులు, కరపత్రాలు, బీడీలు చుట్టే ఆడవాళ్ల పీఎఫ్ ఫారాలు, నౌకరీ దరఖాస్తులు, ఇరవై ఏళ్లుగా ఇదే పని. కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి కంప్యూటర్ గురించి అంతా తెలుసని జనం అనుకుంటారు. బస్సులో కూర్చున్నవాళ్లందరికీ ఇంజన్ గురించి తెలుసా అని అడగబుద్ధవుతుంది. అడగను, గిరాకీ పోతుంది.

రెండువైపులా చెబుతాను. కంపెనీది కొంటే పెట్టెలోంచి తీసి తీగ పెడితే చాలు, నడుస్తుంది. చప్పుడుండదు. ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోయినా పని ఆగదు. చెడిపోతే ఒక్క నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వస్తారు. అసెంబుల్డ్‌లో బోర్డు ఒక కంపెనీది, ర్యామ్ ఇంకో కంపెనీది, పవర్ సప్లై ఎవరిదో దేవుడికే తెలియాలి. ఒకటి మొరాయిస్తే తప్పు దీనిదంటే దానిదని అత్తాకోడళ్ల పంచాయితీ నడుస్తుంది. అయితే అందులో ఏది చెడితే అది తీసి పారేసి కొత్తది పెట్టుకోవచ్చు. పాత డిస్కు తీసి కొత్త మిషన్‌లో పెడితే మన పనంతా మనకు దొరుకుతుంది. కంపెనీ ల్యాప్‌టాప్‌లలో, అందులోనూ చవకగా, పలుచగా ఉండేవాటిలో, చాలామటుకు అన్నీ బోర్డుకే అతికించి ఉంటాయి. బోర్డు పోతే అంతా పోయినట్టే.

ఇంతవరకు చెప్పి, టీ పెట్టుకునే నెపంతో లోపలికి వెళ్లిపోతాను. ఈ మాటల్లో సగం మా అన్నవి. మిగతా సగం అన్నతో వాదించడానికి నేను పోగేసుకున్నవి. వాదించడానికి ఇప్పుడు అన్న లేడు.

అన్నకు బోధన్‌లో, బస్టాండ్ వెనక సందులో ఒక షట్టరు ఉండేది. అందులో కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మేవాడు. మా బాపు అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరుకు గానుగాడే రోజుల్లో బాపు ఇంటికి వస్తే ఒంటినిండా మడ్డి వాసన, గ్రీసు వాసన. ఏ వస్తువు ఇంట్లోకి వచ్చినా ముందు దాన్ని విప్పి చూడాల్సిందే. రేడియో విప్పాడు, కుట్టుమిషన్ విప్పాడు, నా పెళ్లికి వచ్చిన గోడగడియారాన్ని పెళ్లి పందిట్లోనే విప్పబోతే అవ్వ ఆయన చేతిలోంచి లాక్కుంది. ఆ బుద్ధి అన్నకు వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడే నాటికి అన్న హైదరాబాద్ వెళ్లి కంప్యూటర్ పని నేర్చుకుని వచ్చాడు. రెంజల్, వర్ని, కోటగిరి దిక్కు బడుల్లో, ఎరువుల దుకాణాల్లో, ఆన్‌లైన్ సెంటర్లలో చాలామటుకు అన్న కూర్చిన మిషన్లే ఉండేవి. ఆ ఊళ్లవాళ్లు కంప్యూటర్ అనేవాళ్లు కాదు, మిషన్ అనేవాళ్లు. అన్న కూడా అలాగే అనేవాడు.

నా మొదటి మిషన్ కూడా అన్న కూర్చిందే. నల్ల రేకు డబ్బా, పక్కన రెండు మరలు తిప్పితే ఊడివచ్చే తలుపు. ఫ్యాన్ తిరిగితే పిండిగిర్నీ పక్కన కూర్చున్నట్టుండేది. అయినా ఇరవై ఏళ్లు నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. లోపల ఏమేం మారాయో లెక్కలేదు. తలుపొక్కటే పాతది.

దసరా వస్తే అన్నకు తీరిక ఉండేది కాదు. పండుగకు ముందు పది రోజులు ఊళ్లు తిరిగి, తాను అమ్మిన ప్రతి మిషన్ తలుపు తెరిచి దుమ్ము ఊదేవాడు. బ్రష్‌తో ఫ్యాన్ రెక్కలు తుడిచి, తలుపు బిగించి, ఒక గిన్నెలో పసుపు కలిపి, మామిడాకు ముంచి రేకు మీద చల్లేవాడు. ఆ తర్వాత కుంకుమ బొట్టు. ఫ్యాక్టరీలో బాపు గానుగకు ఎట్లా చేసేవాడో అట్లాగే. ఇందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు, చాయ్ ఇస్తే తాగేవాడు. పండుగ పొద్దున మాత్రం మా ఇంటికి వచ్చేవాడు. ఆఖరి మిషన్ నాది.

ఇక్కడ నా గుణం గురించి చెప్పుకోవాలి. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఒక మాఘమాసంలో, ముహూర్తాలు ముసురుకున్న రోజుల్లో, అన్న మిషన్ ఢామ్మని పేలినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. పవర్ సప్లై కాలింది. ఫోన్ చేస్తే అన్న రెంజల్‌లో ఒక బడిలో ఉన్నాడు. సాయంత్రానికి వచ్చి అరగంటలో బాగు చేశాడు. కానీ ఆ పూటకు ఇస్తానన్న పెళ్లికార్డులు మరునాటికి వెళ్లాయి. పెళ్లికూతురి మేనమామ నా షాపులో నిలబడి, సందంతా వినబడేటట్టు నన్ను తిట్టిపోయాడు. మేనమామను ఏమీ అనలేక ఆ కోపమంతా అన్న మీద పెట్టుకున్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా. ఆ నెల తిరగకముందే పెద్ద షోరూముకు వెళ్లి కంపెనీ ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. అన్నకు చెప్పలేదు.

చెప్పకపోయినా ఎన్నాళ్లు దాగుతుంది? అన్న వచ్చినప్పుడు అది బల్ల మీదే ఉంది. చేతిలోకి తీసుకున్నాడు. వెనక్కి తిప్పాడు, పక్కకు తిప్పాడు, అంచుల వెంట వేలితో తడిమాడు.

"దీనికి తలుపేది చెల్లె?"

"తలుపెందుకన్నా? చెడిపోతే వాళ్లే వస్తరు."

"డిస్కు ఏడున్నది దీంట్ల?" అని అది వచ్చిన అట్టపెట్టె మీద రాసింది కళ్లు చిట్లించి చదివాడు. "బోర్డుకే అంటుబెట్టిండ్రు. బోర్డు పోతే నీ పనంత పాయె. ఏది జేసినా ఇంకోదాంట్ల ఒక కాపీ ఏస్కో."

"నీ డబ్బా లెక్క ఊకె పేలదులే ఇది. కంపెనీది."

ఆ మాట అని ఇన్నేళ్లయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా నా చెంప నేనే కొట్టుకోబుద్ధవుతోంది. అన్న ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది, అంతే. "గట్లనా, మంచిదే తియ్," అని నా ఎత్తిపొడుపు మాటకు తానే నవ్వి, అన్నం పెట్టమన్నాడు. ఇరవై ఊళ్లవాళ్లు నమ్మిన చేతి పనిని సొంత చెల్లెలు నమ్మలేదని అన్న ఎవరితోనూ అనలేదు. నాకు మాత్రం ఆ రోజు గెలిచినట్టే అనిపించింది.

కంపెనీది మంచిగానే నడిచింది, అబద్ధం ఎందుకు. చప్పుడు లేదు, వేడి లేదు. పెళ్లివాళ్ల ఇంటికే పట్టుకెళ్లి కార్డు చూపించి మార్పులు చేసిచ్చేదాన్ని. షాపుకు కాస్త దర్జా కూడా వచ్చింది.

ఆ ఏడు దసరా పొద్దున అన్న మామూలుగానే వచ్చాడు. పాత మిషన్‌ను విప్పి, ఊది, పసుపునీళ్లు చల్లి, బొట్టు పెట్టాడు. ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి దాని మూత మూసి, పైన వేలితో బొట్టు అద్ది, గిన్నె తీసుకెళ్లి తులసి చెట్టులో గుమ్మరించాడు. నాకు తిక్క రేగింది.

"నీళ్లు సల్లవా అన్నా? నువ్వు అమ్మితేనే లక్ష్మా, నేను కొనుక్కున్నది కాదా?"

"దీనికి గంతే సాలు చెల్లె," అన్నాడు.

అలిగాడనుకున్నాను. కొన్నదానికి కాదు, చెప్పకుండా కొన్నందుకు అలిగాడని తేల్చుకున్నాను. అడిగి తెలుసుకోలేదు. అన్నాచెల్లెళ్లం కదా, అన్నీ అడగకుండానే తెలుసనుకునేవాళ్లం.

మరుసటి ఏడు అన్నకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు నిజామాబాద్ పెద్ద దవాఖానలో డయాలసిస్. అన్న వంతు మధ్యాహ్నం వచ్చేది. అన్న, వదిన ఇద్దరూ పొద్దున్నే మొదటి బస్సుకు బోధన్‌లో ఎక్కి మా ఇంటికి వచ్చేవాళ్లు. వదిన బీడీలు చుడుతుంది. తునికాకు తడిగుడ్డలో చుట్టుకుని, తంబాకు డబ్బా, చాట సంచిలో పెట్టుకుని వచ్చేది. అరుగు మీద కూర్చుంటే వంతు వచ్చేదాకా చేతులు ఆగేవి కావు. అన్న మాత్రం పని లేకుండా ఉండలేక నలిగిపోయేవాడు. షట్టరు అప్పటికే మూసేశాడు. కానీ ఫోన్లు ఆగలేదు. దవాఖాన మంచం మీద, ఒక చేతికి సూది ఉండగానే, కోటగిరి నుంచి ఎవరో మిషన్ ఆన్ అయితలేదని చేస్తే, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఏం చేయాలో చెప్పడం నేను చూశాను.

ఒకరోజు పొద్దున అన్న అన్నాడు, "నేను పోతే వీళ్లు ఎవల్ని అడుగుతరు? నేను చెప్త, నువ్వు టైపు కొట్టు. సన్నటి పుస్తకం జేద్దాం. నా మిషన్ ఉన్నోళ్లందరికి ఒక్కోటి ఇద్దాం. ఎవల మిషన్ వాళ్లే ఇప్పుకొని బాగుజేస్కోవాలె."

అన్న మాట్లాడే వేగానికి నేను టైపు చేయలేను. ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి తర్వాత టైపు చేద్దామనుకున్నాం. నా ఫోన్ నిండా పెళ్లికార్డుల ఫొటోలే, అందులో చోటు లేదు. వెనక గదిలో పాత రేకు డబ్బా ఒకటి విప్పి ముందు పెట్టుకుని, ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని అన్న చెప్పేవాడు. ఎనిమిది పొద్దులు అలా చెప్పాడు. తొమ్మిదోసారి వచ్చినప్పుడు అన్నకు కూర్చునే శక్తి లేదు. శ్రావణమాసంలో ముసురు పట్టిన ఒక రోజు, దవాఖానలోనే పోయాడు. అప్పటికి నేను ఒక్క పేజీ కూడా టైపు చేయలేదు. పెళ్లిళ్ల సీజన్ అయిపోనీ అనుకున్నాను.

దశదినకర్మ అయిన తర్వాత ఒక ఆదివారం వదిన ఒక్కతే మా ఇంటికి వచ్చింది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక బోధన్ నుంచి రావడం కష్టమేమీ కాదు గానీ, చెప్పకుండా రావడం ఆమెకు అలవాటు లేదు. చాట ముందు పెట్టుకుని ఒక కట్ట బీడీలు చుట్టింది. చివరకు అడిగింది.

"గాయన మాట్లాడింది నీ దాంట్ల ఉన్నదన్నవు. పెడ్తవా?"

పెట్టాను. ర్యాము ఎట్లా తీయాలి, ఫ్యాన్‌కు నూనె ఎట్లా వేయాలి, పవర్ సప్లై బాగుందో లేదో పిన్నీసుతో ఎట్లా చూడాలి, అన్న గొంతు అంతా అదే చెబుతోంది. వదిన బడికి వెళ్లింది మూడో తరగతి దాకే. ర్యాము అంటే ఏమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, దారం చుడుతూ వింటూ కూర్చుంది. రెండు గంటలు విని, నీళ్లు తాగి, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చింది. నేను పెట్టిచ్చేదాన్ని, ఆమె బీడీలు చుట్టుకుంటూ వినేది. ఇంట్లో అందరూ ఏడ్చి ఓదార్చుకునే దుఃఖం ఒకటుంటుంది, వదినది అది కాదు. ఆమెకు ఓదార్పు అక్కర్లేదు. వారానికి ఒకసారి ఆ గొంతు వింటే మిగతా ఆరు రోజులు గడుపుకునేది. ఒకసారి గడప దిగబోతూ వెనక్కి తిరిగి, "గిది పోకుంట సూస్కో. ఫొటోల మనిషి మాట్లాడడు," అంది. ఎక్కడికి పోతుంది వదినె, కంపెనీది అన్నాను.

దాస్తే ఇంకోచోట దాచుకోవచ్చని నాకు తెలియక కాదు. ఆన్‌లైన్‌లో దాచే చోటు నిండిపోయిందని తెర మీద రోజూ ఒక చీటీ వచ్చేది. రోజూ ఆ చీటీని మూసేసేదాన్ని. ఒక పెన్‌డ్రైవ్ గుచ్చితే పది నిమిషాల పని. అన్న చెప్పిన పని.

దసరా వచ్చింది. వదిన ఇంట్లో ఆ ఏడు పండుగ లేదు. నేను వేరే ఇంటికి ఇచ్చిన ఆడపిల్లను కాబట్టి నాకు ఉంది. పొద్దున్నే లేచి స్నానం చేసి, పాత మిషన్ తలుపు నేనే విప్పాను, ఊదాను, తుడిచాను. పసుపు కలిపి, మామిడాకు ముంచి రేకు మీద చల్లాను. అప్పటికే ఏడుస్తున్నాను. ల్యాప్‌టాప్ వైపు తిరిగేసరికి, కిందటి దసరాకు అన్న దానికి నీళ్లు చల్లకుండా గిన్నె పట్టుకెళ్లిపోవడం కళ్లముందు ఆడింది. ఇప్పుడు అందులో అన్న గొంతు ఉంది. ఇంట్లో ఉన్న అన్ని వస్తువుల్లోకీ ఇప్పుడు దానికే పూజ జరగాలి కదా అనిపించింది. మూత తెరిచాను. ఛార్జింగ్ పెట్టాను. పూజ జరుగుతున్నంతసేపూ అన్న గొంతు వినబడాలని రికార్డింగ్ ఆన్ చేశాను. మామిడాకులు రెండు కలిపి పట్టుకుని, నిండుగా ముంచి, మూడుసార్లు చల్లాను. అలక తీరిందా అన్నా అని కూడా అన్నాను.

కీబోర్డు మీద పసుపు చుక్కలు నిలబడ్డాయి. తుడవలేదు, పూజ నీళ్లు తుడుస్తారా ఎవరైనా? అన్న ఏదో మరల గురించి చెబుతున్నాడు. కొబ్బరికాయ కొడుతుండగా మాట మధ్యలో ఆగిపోయింది. తెర నల్లబడింది. వేడి వాసన వచ్చింది.

కంపెనీకి ఫోన్ చేస్తే, పండుగ మరునాడే మనిషి వచ్చాడు. ఆ విషయంలో వాళ్లను అనడానికి లేదు. నా వయసు మనిషే, మర్యాదస్తుడు. చిన్న చిన్న మరలు పదో పన్నెండో తీసి, అడుగు రేకు ఊడదీసి, లైటు వేసి చూశాడు. బోర్డు మీద పసుపు మరకలు నాకు కూడా కనబడ్డాయి.

"నీళ్లు పోయినయి మేడం. పసుపునీళ్లు, ఉప్పునీళ్ల లెక్కనే పట్టేస్తయి. దసరా తెల్లారి మాకు గిట్లాంటివి రెండు మూడు వస్తయి. వారంటీల రాదు. బోర్డు మార్వాలె."

"బోర్డు సంగతి నాకొద్దు. దాంట్ల మా అన్న మాట్లాడినవి ఉన్నయి. అవి తీసియ్యుండ్రి."

"డిస్కు విడిగ ఉంటె తీసిచ్చేటోన్ని. దీంట్ల బోర్డుకే ఉన్నది. కొత్త బోర్డు ఏస్తే మిషన్ నడుస్తది, పాతయి రావు."

ఆ క్షణంలో తెలిసింది నాకు, అన్న ఆ రోజు అలగలేదని. దీనికి తలుపు లేదని, నీళ్లు చల్లితే కీబోర్డు సందుల్లోంచి నేరుగా ప్రాణం మీదికే పోతాయని ఆయనకు తెలుసు. ఏ యంత్రం కోసం తనను మాట అన్నానో దాన్నే నాకోసం కాపాడి, గిన్నె తీసుకెళ్లి తులసిలో పోశాడు. ఇంతకంటే విప్పి చెప్పడం ఆయనకు రాలేదు. వినడం నాకు రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. బోర్డు మార్పించకుండా, దాన్ని చీరెలో చుట్టుకుని హైదరాబాద్ వెళ్లాను. పోయిన డేటా తీసే షాపులు ఉంటాయంటే రెండు మూడు తిరిగాను. ఒకతను నెల రోజులు పెట్టుకుని ప్రయత్నించాడు. చివరకు చిప్పే కాలిపోయిందన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ అతను కూడా అదే అన్నాడు, అసెంబుల్డ్ మిషన్ అయితే డిస్కు తీసి పది నిమిషాల్లో ఇచ్చేవాడినని. తిరుగు బస్సులో డిచ్‌పల్లి దాటేదాకా ఏడ్చాను. పక్క సీటులో ఉన్న ఆమె ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది. అవునన్నాను.

ఆ నెలంతా వదిన ఆదివారాలు వస్తూనే ఉంది. మొదటి ఆదివారం సర్వీసుకు ఇచ్చానని చెప్పాను. రెండో ఆదివారం సామాను హైదరాబాద్ నుంచి రావాలన్నాను. మూడో ఆదివారం ఆమె అడగలేదు. అరుగు మీద కూర్చుని, చప్పుడు లేని ఇంట్లో బీడీలు చుట్టుకుని వెళ్లిపోయింది. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. నాలుగో ఆదివారం ఇక దాచలేక, ఆమె ముందు నేల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. పసుపునీళ్ల సంగతి, బోర్డు సంగతి, కాపీ వేసుకోమని అన్న చెప్పినా వేసుకోని సంగతి, అంతా. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

వదిన చేతిలో ఉన్న ఆకును సగం చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

"ఏం జేస్తవ్. గాయన జేసినట్టె జేసినవు," అంది. "పసుపునీళ్లు సల్లుడు పాపమైతదా?"

చుట్టిన బీడీని చాటలో వేసి ఆమే మళ్లీ అంది.

"నాకు ఒక్క దినానిదైతే యాదికున్నది. ర్యాముది. పుస్తకం జేయమన్నడు గద నిన్ను. చెప్త, రాస్కో."

రాసుకోవడానికి కాగితం తెచ్చాను. వదిన చాట కొంచెం పక్కకు జరిపి, గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుంది. చెప్పడం మొదలుపెట్టింది. మాట ఆమెదే, కానీ ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో అంతా అన్నది.

"ముందుగాల తీగ పీకాలె. పీకి, బటన్ ఒత్తి పట్టాలె, లోపట మిగిలిన కరెంటు పోవాలె. అటెన్క తలుపు తియ్యాలె. సూస్తున్నవా చెల్లె? గీ పొడుగు పట్టీ ర్యాము. దీనికి రెండు దిక్కుల రెండు చెవులుంటయి. చెవులు ఒత్తితే అదే లేస్తది, గుంజొద్దు. పిల్లల రబ్బరు తీస్కొని, గీ బంగారం రంగు పండ్లున్నయి గద, వాటి మీద మెల్లగ రుద్దాలె. గట్టిగ రుద్దితె పండ్లు అరుగుతయి. సూస్తున్నవా? మళ్ల దాని జాగల పెట్టి, టక్కుమని సప్పుడొచ్చేదాక ఒత్తాలె. గప్పుడు తీగ పెట్టి ఆన్ చెయ్యాలె. ఒక్క బీపు వస్తె అంత మంచిగున్నట్టు. మూడు బీపులు వస్తె..."

వదిన ఆగింది. కళ్లు తెరిచింది.

"గక్కడ దగ్గు వస్తది," అంది. "శానసేపు దగ్గిండు. గా దగ్గు ఇనంగనే నాకు పానం గుంజినట్టయ్యేది. అటెన్క ఏమన్నడో చెవిల పడకపోయేది. ప్రతి ఆదివారం గంతే. దగ్గినంక ఏమన్నడు? నువ్వు పక్కనే ఉంటివి గద?"

"యాదికి లేదు వదినె," అన్నాను.

అదీ అబద్ధమే. విన్నవాళ్లు మరిచిపోతారు, నేను అసలు వినలేదు. రికార్డింగ్ బటన్ నొక్కి, తలుపు దగ్గరికి వేసి, వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఎనిమిది పొద్దులూ అంతే చేశాను. అన్నం వండాలి, షాపులో మనుషులు ఎదురు చూస్తున్నారు, యంత్రం ఎలాగూ వింటోంది కదా అనుకున్నాను. ఆదివారాలు కూడా వదినకు పెట్టిచ్చి నా పని నేను చూసుకున్నాను. చూస్తున్నవా చెల్లె అని అన్న అడిగిన ప్రతిసారీ ఆ గదిలో అన్న ఒక్కడే ఉన్నాడు.